శిశువు పలుకు నేర్చే తీరు: ఒక అన్వేషణ చరిత్ర

తమిళనాట ఒక తెలుగు పాఠశాల 75 సంవత్సరాలు నిలవడం సామాన్య విషయం కాదు. ఆ పాఠశాల చరిత్రను చెప్పడానికి ఈ సంచికలో నాకంటె తగినవారు పలువురున్నారు. నేను దానికి ముందటి సంగతి ఒకటి చెప్పదలచాను. బిడ్డ మన ఒకటో తరగతి గడప తొక్కేనాటికి వానికి అయిదేళ్లు నిండుతాయి. అప్పటికే వాడు భూత భవిష్యత్ కాలాలు ఎరుగును, ఏకవచన బహువచనాలు ఎరుగును, పెద్దలను ‘మీరు’ అనాలనీ తోడివానిని ‘నువ్వు’ అనాలనీ ఎరుగును. అవసరమైతే చక్కని వాక్యాలలో అబద్ధమాడనూగలడు. వ్యాకరణం చెప్పవలసిన మనం ఆ పని సగానికి పైగా పూర్తయిన తరువాతనే రంగంలోకి వస్తున్నాము. ఆ సగం ఎవరు నేర్పారు, ఎట్లా నేర్పారు అన్న ప్రశ్నకు సమాధానం వెదకిన వారి చరిత్రయే ఈ వ్యాసవిషయం.

ప్రశ్న చాలా పాతది. క్రీస్తుకు పూర్వం 7వ శతాబ్దిలో ఈజిప్టును ఏలిన సమ్మెటికస్ అనే రాజు ఇద్దరు పసిబిడ్డలను ఒక పశువుల కాపరికి అప్పగించి, వారి ఎదుట ఎవరూ పెదవి విప్పరాదని ఆజ్ఞాపించాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. రెండేళ్ల తరువాత ఆ పిల్లలు చేతులు చాచి ‘బెకోస్’ అన్నారట. ఫ్రిజియా దేశపు భాషలో ఆ మాటకు రొట్టె అని అర్థం. కనుక ఫ్రిజియనులే లోకంలో అందరికంటె ప్రాచీనులని రాజు తీర్మానించాడు. ఆ బిడ్డలను మేకల పాలతో పెంచారని కూడా హెరొడోటస్ చెబుతున్నాడు. వారు మేకల అరుపును అనుకరించి ఉంటారని తరువాతి వారు చేసిన చమత్కారం అంత తేలికగా తోసివేయదగినది కాదు.

ఇది కథ కావచ్చు. మన దేశంలో జరిగినది మాత్రం కథ కాదు. అక్బరు పాదుషా 1578 ప్రాంతంలో ఒక ఇల్లు కట్టించి, అందులో కొందరు పసిపిల్లలను ఉంచి, వారి చెవిని మానవభాష పడకుండా కాపలా పెట్టించాడు. పాలిచ్చే దాదులకు మాటలాడే అనుమతి లేదు. సుమారు 20 మంది శిశువులని బదాయూనీ రాశాడు. వారిలో కొందరు ఆ ఇంటిలోనే మరణించారని కూడా ఆయన మరుగుపరచలేదు. 1582లో పాదుషా స్వయంగా వెళ్లి చూశాడు. ఆ ఇంటినుండి ఏడుపు గాని పలుకు గాని వినబడలేదనీ, మూగవారు చేసే ధ్వనులు తప్ప మరేమీ లేవనీ అబుల్ ఫజల్ అక్బర్‌నామాలో నమోదు చేశాడు. జనం ఆ భవనానికి గుంగ్ మహల్, అనగా మూగవారి మందిరం, అని పేరు పెట్టారు. మానవునికి సహజభాష అంటూ ఒకటి పుట్టుకతో రాదని, విన్నదే పలుకుగా మారుతుందని ఈ ప్రయోగం తేల్చింది. కాని దానికి చెల్లించిన మూల్యం ఆ బిడ్డల బ్రతుకు. మరి ఏ రాజూ, ఏ శాస్త్రజ్ఞుడూ అటువంటి పని చేయరాదని నేటి విజ్ఞానలోకం ఏకగ్రీవంగా అంగీకరిస్తున్నది.

బిడ్డలను మూగవారిని చేయకుండానే ఈ ప్రశ్నను పరిశీలించినవారు మన దేశంలో అంతకు ఎన్నో శతాబ్దాలకు ముందే ఉన్నారు. మీమాంసకులు ‘వృద్ధవ్యవహారం’ అని చెప్పేది ఇదే. ఒక పెద్ద మరొకనితో ‘గామానయ’, ఆవును తెమ్ము, అంటాడు. రెండవవాడు వెళ్లి ఆవును తెస్తాడు. ప్రక్కన కూర్చున్న శిశువు ఆ మాటల ముద్దకూ ఈ పనికీ ఏదో సంబంధమున్నదని గ్రహిస్తాడు. మరొకసారి ‘అశ్వమానయ’ అనగానే గుర్రం వస్తుంది. ఒక ముక్క మారింది, మరొకటి మారలేదు. వచ్చిన జంతువు మారింది, తేవడం మారలేదు. ఈ చేర్పు తీసివేతలను ‘ఆవాపోద్వాపాలు’ అన్నారు. పదాలకు అర్థం వాక్యంలోనే తెలుస్తుందా, విడివిడిగా తెలుస్తుందా అని ప్రభాకరుని అనుయాయులూ కుమారిలభట్టు అనుయాయులూ శతాబ్దాలు వాదించుకున్నారు. 5వ శతాబ్దివాడుగా ఎంచబడే భర్తృహరి మరొక మెట్టు పైకెక్కి, శిశువు తొలిసారి నాలుకను కదల్చడానికే లోపల నిద్రాణమైన శబ్దసంస్కారం ఒకటి ఉండవలెనన్నాడు. ఆ సంస్కారం పూర్వజన్మ వాసన అని ఆయన అభిప్రాయం. 1957లో అమెరికాలో స్కిన్నర్ భాష అలవాటు వల్ల వచ్చేదని పుస్తకం రాయడం, 1959లో చామ్‌స్కీ దానిని ఖండించి భాషాశక్తి జన్మతః మెదడులో ఉన్నదని వాదించడం చదివినప్పుడు, జన్మాంతరం మాట ఎట్లున్నా, వివాదం మనకు పరిచితమైనదే అనిపిస్తుంది.

పాశ్చాత్యదేశాలలో క్రమబద్ధమైన పరిశీలన ఇంటి దినచర్య పుస్తకాలతో మొదలయింది. జర్మనీలో టీడెమన్ తన కుమారుని గురించి రాసుకున్న పరిశీలనలను 1787లో ప్రకటించాడు. చార్లెస్ డార్విన్ 1839లో పుట్టిన తన పెద్దకుమారుని చేష్టలను రాసి పెట్టుకొని, ఫ్రెంచి పండితుడు టేన్ వ్యాసం ఒకటి చదివిన తరువాత, 37 ఏళ్లనాటి ఆ నోట్సును తీసి 1877లో అచ్చువేశాడు. సరిగా ఏడాది నిండిననాడు తన బిడ్డ అన్నానికి ‘మమ్’ అనే మాటను తానే కల్పించుకున్నాడని డార్విన్ ఆశ్చర్యపోయాడు. ‘మమ్మం’ తినిపించే మన తెలుగు తల్లులకూ, ‘మమ్ము’ పెట్టే తమిళ తల్లులకూ అందులో ఆశ్చర్యపడవలసినది అంతగా కనబడదు. 1882లో ప్రెయర్ గ్రంథం, 1907లో క్లారా, విలియం స్టెర్న్ దంపతుల శిశుభాషా గ్రంథం వెలువడ్డాయి. స్టెర్న్ దంపతుల ముగ్గురు బిడ్డల దినచర్యలో అధికభాగం రాసినది తల్లి క్లారా. ఈ చరిత్రలో తల్లుల పేర్లు తగినంతగా నిలువలేదని చెప్పక తప్పదు.

ఈ దినచర్యలన్నిటికీ ఒకే లోపం. బిడ్డ ఏమి పలికాడో రాయవచ్చు. పలకని బిడ్డ ఏమి వింటున్నాడో ఎట్లా తెలియాలి? దానికి ఉపాయం 1971లో దొరికింది. అమెరికాలో పీటర్ ఐమాస్, ఆయన సహచరులు నెల శిశువులకూ నాలుగు నెలల శిశువులకూ పాలు లేని రబ్బరు పీకను నోటికందించి, దానిని యంత్రానికి కలిపారు. బిడ్డ గట్టిగా చప్పరిస్తే ‘బ’ అని వినిపిస్తుంది. కొత్త కనుక ఉత్సాహంగా చప్పరిస్తాడు. కొంతసేపటికి విసుగు పుట్టి మందగిస్తాడు. అప్పుడు ధ్వనిని ‘ప’గా మారిస్తే మళ్లీ చప్పరింపు జోరందుకుంటుంది. అనగా వానికి ఆ భేదం తెలిసింది. పలుకు రాని నెలనాటి బిడ్డకు పకార బకారాల భేదం తెలుసునని దీనివల్ల రుజువయింది.

ఆ తరువాత జరిగిన పరిశోధనలలో మనకు మిక్కిలి సన్నిహితమైనది కెనడాలోని వాంకూవరు నగరంలో జెనెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ గావించినది. వారు ఎన్నుకున్న భేదాలలో ఒకటి హిందీలోని త, ట. మనకు ‘పాత’ వేరు, ‘పాట’ వేరు. ఇంగ్లీషువారికి ఈ రెంటి నడుమ ఎక్కడో పలికే ధ్వని ఒక్కటే ఉన్నది. వారి పెద్దలకు త-ట భేదం చెవికానదు. శిశువును తల్లి ఒడిలో కూర్చుండబెట్టి, ఒక ధ్వనిని మరల మరల వినిపించి, అది మారినప్పుడల్లా ప్రక్కనున్న పెట్టెలో బొమ్మ జంతువు వెలుగుతూ ఆడేటట్లు చేశారు. భేదం తెలిసిన బిడ్డ బొమ్మ కోసం ముందుగానే తల త్రిప్పుతాడు. ఇంగ్లీషు ఇళ్లలోని 6 నుండి 8 నెలల శిశువులలో దాదాపు అందరూ హిందీ తకార టకారాలను వేరుచేశారు. 10 నుండి 12 నెలల వారిలో ఆ శక్తి గలవారు బహు కొద్దిమంది. హిందీ వింటూ పెరుగుతున్న అదే వయస్సు పిల్లలు మాత్రం దానిని నిలుపుకున్నారు. ఈ ఫలితాలు 1984లో ప్రకటితమయ్యాయి.

ఈ ఫలితం గురించి కొంచెం ఆగి ఆలోచించవలసి ఉన్నది. పుట్టిన బిడ్డ లోకంలోని భాషలన్నిటికీ చెవి తెరిచి ఉంచుతాడు. మొదటి పుట్టినరోజు రాకమునుపే ఏ తలుపులు తెరిచి ఉంచాలో, ఏవి మూయాలో నిర్ణయించుకుంటాడు. వానికి అక్షరాభ్యాసం జరగలేదు, అన్నప్రాశన మాత్రమే జరిగింది. మన బడికి వచ్చే తెలుగు పిల్లలలో పకార బకారాలను తారుమారు చేసి రాసేవారు కొందరుంటారు. తమిళ లిపిలో ఈ రెంటికీ ఒకే అక్షరమని దానికి కారణం చెబుతాము. అది కొంతవరకు నిజమే. కాని ఆ బిడ్డ చెవి ఏ మాటలు విని పెరిగింది అన్న ప్రశ్న లిపికంటె ముందటిది.

ఆ తలుపులు పూర్తిగా మూతపడతాయా? టీస్, వెర్కర్ అదే ఏడాది మరొక పరిశీలన ప్రకటించారు. పుట్టిన మొదటి ఏడాది రెండేళ్లు హిందీ విని, తరువాత దాదాపు పూర్తిగా ఇంగ్లీషులోనే పెరిగిన పెద్దలను వారు పరీక్షించారు. హిందీ మాటలాడలేకపోయినా త-ట భేదం వారి చెవికి వెంటనే తెలిసింది.

చెవి తెరుచుకునేది పుట్టిన తరువాతనేనా అన్న ప్రశ్న కూడా వచ్చింది. అభిమన్యుడు గర్భంలో పద్మవ్యూహాన్ని విన్న కథ మనకున్నది గనుక, ఇటువంటి వార్త వినగానే అంతా మనవారికి ముందే తెలుసునని సంతోషించే అలవాటు మనలో ఉన్నది. కథ కథయే, రుజువు రుజువే. 1980లో డికాస్పర్, ఫైఫర్ పుట్టిన కొద్దిరోజులలోపు శిశువులు ఇతర స్త్రీల గొంతుకంటె కన్నతల్లి గొంతును కోరుకుంటారని నిరూపించారు. 1986లో డికాస్పర్, స్పెన్స్ గర్భిణులచేత చివరి ఆరు వారాలు ప్రతిదినం ఒకే పిల్లల కథను పైకి చదివించి, పుట్టిన బిడ్డ ఆ కథ వినడానికే ఇష్టపడినట్లు చూపారు. 1988లో పారిస్‌లో మెహ్లర్ బృందం నాలుగు రోజుల ఫ్రెంచి శిశువులకు ఫ్రెంచికీ రష్యనుకూ భేదం తెలుసునని కనుగొన్నది. గర్భంలో పదాలు స్పష్టంగా వినబడవు. గొంతు ఎత్తు పల్లాలు, మాటల నడక మాత్రమే అందుతాయి. బిడ్డకు మొదట పరిచయమయ్యేది భాష యొక్క లయ.

లయ తరువాత పదం. మనం మాటలాడేటప్పుడు పదానికీ పదానికీ మధ్య ఆగము. తెలుగులో సంధులు సరేసరి. పదం ఎక్కడ ముగిసిందో బిడ్డకెట్లా తెలుస్తుంది? 1996లో జెన్నీ సాఫ్రన్, ఆస్లిన్, న్యూపోర్ట్ అర్థం లేని ‘బిడాకు, పడోటి, గోలబు’ వంటి కల్పితపదాలను విరామం లేకుండా రెండు నిమిషాలు ఎనిమిది నెలల శిశువులకు వినిపించారు. ఏ అక్షరం తరువాత ఏది తరచుగా వస్తున్నదో శిశువులు గమనించి పదాల అంచులు పట్టుకున్నారు. ఏది మారుతున్నది, ఏది మారడం లేదు అన్న లెక్క ఇది. మీమాంసకుల ఆవాపోద్వాపాలకు దూరపు చుట్టమని నా అభిప్రాయం.

లెక్క ఒక్కటే చాలదని సియాటిల్‌లో పట్రిషియా కూల్ 2003లో చూపారు. తొమ్మిది నెలల అమెరికన్ శిశువుల ఎదుట చైనీయులు కూర్చుండి, ఒక్కొక్కటి 25 నిమిషాల చొప్పున 12 సార్లు, తమ భాషలో ఆటలాడి కథలు చెప్పారు. ఆ శిశువులు చైనీ ధ్వనిభేదాలను చక్కగా పట్టుకున్నారు. అదే మనుషులను, అదే మాటలను వీడియోలో చూపిన శిశువులకు ఏమీ అంటలేదు. బిడ్డ చేతికి ఫోను ఇచ్చి తెలుగు పాటలు వినిపిస్తున్నామని తృప్తిపడే తల్లిదండ్రులు నేడు అనేకులు. తొలి ఏడాదిలో అది ఎదుటి మనిషికి ప్రత్యామ్నాయం కాదని ఈ పరిశోధన తాత్పర్యం.

ఎదుటి మనిషి పలికే పలుకు ఎటువంటిది? పెద్దలు బిడ్డతో మాటలాడేటప్పుడు గొంతు హెచ్చించి, సాగదీసి, మాటను రెట్టించి పలుకుతారు. 1964లో ఫెర్గూసన్ ఆరు భాషలలో శిశువులతో పెద్దలు వాడే మాటలను పోల్చి చూశాడు. వాటిలో మరాఠీ ఒకటి. అదే ఏడాది అశోక్ కేళ్కర్ మరాఠీ శిశుభాషపై ప్రత్యేక వ్యాసం రాశారు. తెలుగులో బువ్వ, లాల, జోజో, బజ్జో, బూచి, చిచ్చీ వంటి మాటలన్నీ ఈ కోవకు చెందినవే. ఇవి అసలు భాష కావని, బిడ్డతో మొదటినుండి శుద్ధమైన భాషనే మాటలాడాలని వాదించే పెద్దలను నేనెరుగుదును. శిశువులు ఈ ఎత్తు పల్లాల గొంతునే కోరి వింటారని 1980లలో ఆన్ ఫెర్నాల్డ్ పరీక్షలు తేల్చాయి. చందమామ పాటలూ అత్తారింటికి దారేదని వ్రేళ్లు ముడిపించే ఆటలూ మన ముసలమ్మలు ఏ ప్రయోగశాలలోనూ నేర్వలేదు.

మన ప్రాంతానికి సంబంధించిన ఒక ముచ్చట ఇక్కడ చెప్పాలి. మరియా మాంటిసోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించారు. యుద్ధం వల్ల ఇటలీ పౌరులపై నిర్బంధం వచ్చి, కొంతకాలం కొడైకెనాలులో గడిపి, 1946 వరకు ఈ దేశంలోనే ఉండిపోయారు. శిశువు మనస్సు చుట్టూ ఉన్న భాషను శ్రమ లేకుండా పీల్చుకుంటుందని ఆమె ప్రతిపాదించిన ప్రసిద్ధ గ్రంథం 1949లో అడయారులోనే అచ్చయింది. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో, తొలి భారతీయ కంప్యూటరును నిర్మించిన బృందానికి నాయకత్వం వహించిన ఆర్. నరసింహన్, ఒక తమిళ శిశువు పలుకును 9వ నెలనుండి 33వ నెలవరకు నమోదు చేయించారు. తెలుగు శిశువుల విషయంలో ఇటువంటి దీర్ఘకాలపు నమోదులు మరిన్ని రావలసి ఉన్నది.

ఇక మన ఇళ్లలో నిత్యం రగిలే ప్రశ్న: రెండు భాషలు బిడ్డను గందరగోళపరుస్తాయా? ఈ భయానికి శాస్త్రం పేరిట పునాది వేసినది 1923లో వేల్స్ దేశంలో సేర్ అనే ఆయన చేసిన పరీక్ష. సుమారు 1,400 మంది పిల్లలను పరీక్షించి, పల్లెలలోని ద్విభాషా బాలలు బుద్ధిలో వెనుకబడ్డారని రాశాడు. పట్టణాలలో ఆ తేడా లేదని ఆయన లెక్కలే చెబుతున్నా లోకం దానిని పట్టించుకోలేదు. పేదరికాన్నీ పల్లెబడి లోపాలనూ లెక్కలోనుండి తీసివేయని పరీక్షలే నలభయి ఏళ్లు రాజ్యమేలాయి. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ సమానమైన కుటుంబాలనుండి వచ్చిన పదేళ్ల పిల్లలను పోల్చి చూడగా, రెండు భాషలూ బాగుగా వచ్చినవారే మెరుగుగా ఉన్నారు. ఆ తరువాత ద్విభాషాబాలలు అందరికంటె తెలివైనవారని కొందరు అతిశయోక్తి మొదలుపెట్టారు; అదీ అంత నిలకడగా రుజువు కాలేదు. చెడుపు లేదన్నది మాత్రం నిలిచిన విషయం. 2010లో వాంకూవరులో మరొక పరిశోధన జరిగింది. గర్భకాలంలో ఇంగ్లీషు, టగలోగ్ రెండూ మాటలాడిన తల్లుల నవజాత శిశువులు రెండింటినీ సమానంగా కోరి విన్నారు. అయినా రెండూ వేరువేరని గుర్తించారు.

మాకు తెలిసిన ఒక కుటుంబంలో బిడ్డకు మాట ఆలస్యమయింది. ఇంట్లో ఒకే భాష ఉంచమని, అది బడి భాష అయితే మేలని ఒక వైద్యుడు సలహా ఇచ్చాడు. తల్లిదండ్రులు పాటించారు. ఆ ఇంట్లో తెలుగు తప్ప మరేదీ రాని నాయనమ్మ ఉన్నది. మనుమనితో ఏమి మాటలాడినా తప్పవుతుందేమోనని ఆమె మాటలాడడమే మానుకున్నది. బిడ్డకు మాటలు వచ్చాయి. తోడి పిల్లల వలె, తన సమయానికి. నాయనమ్మతో చెప్పుకోవడానికి మాత్రం వానివద్ద మాటలు లేవు.

రెండు భాషల పెంపకాన్ని మొదట నిశితంగా రాసినవాడు ఫ్రాన్సులో రోంజా. భార్య జర్మన్, తాను ఫ్రెంచి. ఎవరి భాష వారు మాటలాడాలన్న నియమంతో కుమారుని పెంచి 1913లో గ్రంథం ప్రకటించాడు. అమెరికాలో వెర్నర్ లియోపోల్డ్ తన కుమార్తె పలుకును 1939, 1949 మధ్య నాలుగు సంపుటాలలో వెలువరించాడు. తండ్రి జర్మన్‌లో మాటలాడితే కుమార్తె తరచు ఇంగ్లీషులో బదులు చెప్పేది. అయిదేళ్ల వయస్సులో జర్మనీకి తీసుకువెళ్లగా కొద్ది వారాలలోనే ఆమెకు జర్మన్ ప్రధానభాష అయింది. అర్థమవుతున్నా తెలుగులో బదులు చెప్పని బిడ్డలు ఉన్న మన ఇళ్లలో ఈ సంపుటాలు చదవదగినవి.

రోంజా నియమం అందరికీ చాలదని బెల్జియంలో అనిక్ డి హౌవర్ 2007లో ప్రకటించిన పరిశీలనవల్ల తెలిసింది. డచ్చి భాష చుట్టూ ఉండగా ఇంట్లో మరొక భాష గల సుమారు 1,900 కుటుంబాలను ఆమె విచారించింది. తల్లి ఒక భాష, తండ్రి ఒక భాష అన్న ఇళ్లలో సుమారు నాలుగోవంతు ఇంటిభాష పిల్లల నోటికి చేరలేదు. తల్లిదండ్రులిద్దరూ ఇంటిభాష మాటలాడి, వారిలో ఒక్కరు మాత్రమే ఊరిభాష కూడా కలిపిన ఇళ్లలో దాదాపు అందరి నోటా నిలిచింది. ఇద్దరూ ఊరిభాష మాటలాడుతూ ఒక్కరే ఇంటిభాష తోడు చేసిన చోట అది మూడోవంతు ప్రాంతానికి దిగజారింది. ఊరిభాష రాదేమోనన్న భయానికి ఆధారం దొరకలేదు. పిల్లలలో బహు కొద్దిమందికి తప్ప డచ్చి వచ్చింది. మన పిల్లలకు తమిళం వీధిలో వస్తుంది, ఇంగ్లీషు చదువులో వస్తుంది. తెలుగుకు ఇల్లూ, ఈ బడీ తప్ప మూడవచోటు లేదు. మన బోటి పాఠశాలలలో ఒకటో తరగతి బల్లలు ఖాళీ అవుతున్నాయంటే, ఆ ఖాళీ అయిదేళ్లకు ముందే ఇళ్లలో మొదలయి ఉంటుంది.

తొలి నెలలలో విని తరువాత పూర్తిగా దూరమైన భాష ఏమవుతుందో 2017లో వెలువడిన ఒక పరిశోధన తెలిపింది. కొరియాలో పుట్టి పసితనంలోనే నెదర్లాండ్స్ దంపతులకు దత్తు వెళ్లి, డచ్చి భాషలోనే పెరిగి పెద్దవారైన వారిని చోయ్, బ్రోర్స్‌మా, కట్లర్ పిలిపించారు. వారిలో ఎవరికీ ఒక్క కొరియన్ మాట జ్ఞాపకం లేదు. కొరియన్ ధ్వనిభేదాలను కొద్దిదినాలు అభ్యాసం చేయించగా, కొరియన్ ఎన్నడూ వినని తోడి డచ్చివారికంటె వారు త్వరగా నేర్చారు. విని గుర్తించడంలోనే కాక పలకడంలోనూ మెరుగయ్యారు. ఆరు నెలలు నిండకుండా, ఒక్క పదమైనా పలకకముందే దత్తు వెళ్లినవారికీ, ఏడాదిన్నర దాటి మాటలు వచ్చిన తరువాత వెళ్లినవారికీ ఆ నేర్పులో తేడా కనబడలేదు.